జోబిం పాటల మీద మీ ఉత్తరాలు

పోయిన సంచికలో బోసా నోవా మాట ఒక్కసారి దొర్లింది. ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఎక్కువభాగం బ్రెజిల్ స్వరకర్త ఆంతోనియో కార్లోస్ జోబిం గురించే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం ఆయనకే ఇస్తున్నాం. ఒకే సందేహం పలువురు అడిగినచోట ఒక ఉత్తరమే వేశాం.

ప్రశ్న: చాలా ఏళ్లుగా ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయిస్తున్నాను. ఏ కంపెనీ కీబోర్డు తీసుకున్నా రిథమ్‌ల వరసలో వాల్ట్జ్, రుంబాల పక్కన 'బోసా నోవా' ఉంటుంది. నెమ్మది పాటలకు అదే నొక్కుతాం. ఇది ఆ దేశపు జానపద లయా, లేక జోబిం కనిపెట్టిందా? ఆయన డ్రమ్మరా?
— కీబోర్డు వాద్యకారుడు, తెనాలి

సమాధానం: జానపదం కాదండీ. ఏ ఏడాది పుట్టిందో చెప్పగలిగేంత కొత్తది. జోబిం డ్రమ్మరూ కాదు, పియానో మనిషి. ఇక్కడ ఇద్దరు మనుషుల పని కలిసిపోయింది, విడదీసి చూడాలి.

లయ జొవావ్ జిల్బెర్తోది. బహియా రాష్ట్రం నుంచి రియో డి జెనీరోకు వచ్చిన గిటారిస్టు, గాయకుడు. సాంబా ఊరేగింపుల్లో మోగే పెద్ద డోలు సుర్దో దెబ్బను బొటనవేలికి ఇచ్చాడు. చేతిలో పట్టుకుని పుల్లతో కొట్టే చిన్న వాద్యం తాంబొరిం విరుపులను మిగతా వేళ్లకు పంచాడు. అంత పెద్ద బృందం చేసే పని నైలాన్ తీగల గిటార్ మీదికి వచ్చి కూర్చుంది. దానిపైన గొంతు వణకనివ్వకుండా, మైకుకు దగ్గరగా, పక్కవాడితో మాట్లాడినట్టు పాడాడు.

ఆ లయకు తగిన పాటలు జోబిం దగ్గరున్నాయి. 'షేగా ది సౌదాజి' అనే పాట బాణీ జోబింది, సాహిత్యం వినీసియుస్ ది మొరాయిస్‌ది. 1958లో ఇది ముందు గాయని ఎలిజెత్ కార్దోజో ఆల్బంలో వచ్చింది, అందులోనూ గిటార్ జిల్బెర్తోదే. అదే ఏడాది జిల్బెర్తో తన గొంతుతో విడిగా రికార్డు ఇచ్చాడు. బోసా నోవా కథను ఎక్కువమంది అక్కణ్నుంచే మొదలుపెడతారు.

ఇక మీ మీట సంగతి. అది డ్రమ్ము అంచు మీద కొట్టే 'టక్' దెబ్బను ఒకే అచ్చులో తిప్పి తిప్పి వాయిస్తుంది. జిల్బెర్తో రికార్డు వినండి: వేళ్ల విరుపు మారుతూ ఉంటుంది, గొంతు తాళం కంటే ఓసారి ముందు పడుతుంది, ఓసారి వెనక. అతీత, అనాగత గ్రహాలు తెలిసిన మన మృదంగం వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. మీట నొక్కక తప్పని కచేరీలో కనీసం బాస్ డ్రమ్ము ధ్వని తగ్గించి, టెంపో ఒక మెట్టు దించండి. హిందీ సినిమాల్లో ఈ లయను తొలిరోజుల్లోనే వాడినవాడు ఆర్.డి. బర్మన్. 1966 నాటి 'పతి పత్నీ'లో ఆశా భోంస్లే పాట ఒకటి దీని మీదే నడుస్తుంది.

ప్రశ్న: నలభై ఏళ్లు గాత్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా మనవడు 'ఒకే స్వరపు సాంబా' అని ఒక పాట వినిపించి ఇది జోబిం గొప్ప రచన అన్నాడు. పల్లవంతా ఒకే స్వరం మీద పడి ఉంది. సరళీ స్వరాలు నేర్చుకునే పిల్లవాడు కూడా ఇంతకంటే ఎక్కువ కదులుతాడు. ఇందులో నాకు తెలియనిది ఏమైనా ఉందా?
— సంగీతోపాధ్యాయిని, విజయనగరం

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నలో తప్పేమీ లేదు. మీరు పైన విన్నారు, ఆయన కింద కట్టాడు. తేడా అంతే.

మన పద్ధతిలో ఆధారశ్రుతి కదలదు, దాని మీద స్వరం కదులుతుంది. ఈ పాటలో స్వరం కదలదు, ఆధారం దిగిపోతూ ఉంటుంది. పల్లవిలో గాయకుడు ఒకే స్వరాన్ని విరుపులతో పలుకుతుంటే, కింద పియానో లేదా గిటార్ కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుంపుల) మూలస్వరం ఒక్కో అర్ధస్వరం చొప్పున వరసగా కిందికి జారుతుంది. ఒక ప్రయోగం చేయండి. ఆ మూలస్వరాన్ని ప్రతిసారీ షడ్జమం అనుకుని పైస్వరం పేరు చెప్పండి. మొదటి కార్డ్ మీద అది సాధారణ గాంధారం. రెండోదాని మీద అంతర గాంధారం. మూడోదాని మీద శుద్ధ మధ్యమం. నాలుగోదాని మీద ప్రతి మధ్యమం. భాగం చివర పాట తన సొంత శ్రుతికి చేరినప్పుడు అదే స్వరం పంచమమై నిలబడుతుంది. గొంతు అంగుళం కదలలేదు, అయినా గాంధారం నుంచి పంచమం దాకా ఎక్కింది!

గ్రహభేదం గుర్తొస్తుంది కదూ? పోలిక కొంతవరకే చెల్లుతుంది. గ్రహభేదంలో రాగంలోని స్వరాలు ఉన్నవి ఉన్నట్టే ఉండి షడ్జమం మారుతుంది. ఇక్కడ కార్డ్‌తో పాటు చుట్టూ ఉన్న స్వరాలూ మారతాయి, పైగా చెవి అసలు శ్రుతిని పూర్తిగా మరిచిపోదు. పాత ఇంటి జ్ఞాపకం, కొత్త నేల రెండూ ఒకేసారి వినిపించడమే అందులోని రుచి. మధ్యలో ఆ ఒక్క స్వరం కాసేపు మధ్యమ దూరం పైకి మారి మళ్లీ దిగుతుంది కాబట్టి పేరు చెప్పినంత నిక్కచ్చిగా ఒకే స్వరమూ కాదు. తర్వాతి భాగంలో అన్ని స్వరాలూ ఆరోహణ అవరోహణలతో గబగబా పరుగెడతాయి. అన్ని స్వరాలూ వాడి చూశాక ఆ ఒక్కదాని దగ్గరికే తిరిగి రావడం సాహిత్యంలోనూ ప్రేమకథగా నడుస్తుంది.

సహ రచయిత న్యూటన్ మెందోన్సా, జోబిం చిన్ననాటి స్నేహితుడు, రాత్రి క్లబ్బుల్లో పియానో వాయించేవాడు. ఇద్దరూ కలిసే 'దెజాఫినాదో' కూడా కట్టారు. అది అపశ్రుతిలో పాడతావన్న నింద మోసే ప్రేమికుడి పాట. బాణీ కూడా సరిగ్గా చెవి ఎదురుచూడని స్వరాల మీద పోయి వాలుతుంది. అపశ్రుతి అనిపించే ఆ స్వరాన్ని గురి తప్పకుండా పాడాలంటే మంచి శ్రుతిజ్ఞానం కావాలి. మెందోన్సా 1960లో 33 ఏళ్లకే పోయాడు. ఈ పాటలు ప్రపంచం చుట్టడం చూడలేదు.

'ఒకే స్వరపు సాంబా' కార్డ్‌లను మీ మనవడి చేత వాయింపించుకుంటూ, మీరు పైస్వరం మాత్రం 'అ'కారంతో పట్టుకుని ఒకసారి చూడండి. మీకున్న శ్రుతిశుద్ధికి అది మామూలు శ్రోతకంటే ఎక్కువే చెబుతుంది.

ప్రశ్న: 'గర్ల్ ఫ్రమ్ ఇపనేమా' పాట సముద్రపు ఒడ్డున బార్‌లో కూర్చుని, దారిన పోతున్న అమ్మాయిని చూసి అప్పటికప్పుడు రాశారని చదివాను. నిజమేనా? రాసింది జోబిమా, ఇంకెవరైనానా? మన దగ్గర గీత రచయిత పేరు రేడియోలో చెప్పేవారు. వాళ్లకు ఆ అలవాటు లేదా?
— పాటల సాహిత్యాభిమాని, హనుమకొండ

సమాధానం: అమ్మాయి నిజం. బార్ నిజం. అప్పటికప్పుడు రాయడం మాత్రం కట్టుకథ.

మాటలు వినీసియుస్ ది మొరాయిస్‌వి. ఆయన జోబిం కంటే పదమూడేళ్లు పెద్ద, అప్పటికే పేరున్న కవి, వృత్తిరీత్యా దౌత్యాధికారి. గ్రీకుల ఓర్ఫియస్ కథను రియో కొండవాడల నల్లజాతి జీవితంలోకి తెచ్చి రాసిన నాటకాన్ని 1956లో రంగస్థలం ఎక్కించే ప్రయత్నంలో ఉన్నాడు. సంగీతానికి మనిషి కావాలి. విల్లరీనో అనే బార్‌లో ఓ విమర్శకుడు జోబింను పరిచయం చేశాడు. అంత పెద్ద కవి అంత పెద్ద అవకాశం ఇస్తుంటే, ఇందులో నాలుగు డబ్బులేమైనా వస్తాయా అని జోబిం అడిగాడట. అద్దె కట్టడానికి రాత్రంతా క్లబ్బుల్లో పియానో వాయించే రోజులవి, అడగడూ మరి? ఆ నాటకానికి రంగాలంకరణ చేసింది ఆ తర్వాత బ్రెజీలియా భవనాలు కట్టిన ఆస్కార్ నీమయర్. దాని ఆధారంగా ఫ్రెంచి దర్శకుడు మార్సెల్ కామూ తీసిన 'బ్లాక్ ఓర్ఫియస్' 1959లో కాన్స్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి కొట్టింది.

ఇపనేమా పాట 1962 నాటిది. వెలోజో అనే బార్‌లో ఇద్దరూ కూర్చునేవారు, ఆ వీధిలో ఉండే ఆ అమ్మాయి అటు నడిచి సముద్రానికి వెళ్లేది. కానీ బాణీ జోబిం ఇంట్లో పియానో దగ్గర, ఒక సంగీత నాటకం కోసం తయారైంది. మాటలు వినీసియుస్ రియోకు దూరంగా కొండల్లోని పెత్రోపోలిస్‌లో రాశాడు, అవీ తేలిగ్గా రాలేదు. ఆ ఆగస్టులో కోపకబానాలోని ఒక క్లబ్బులో మొదటిసారి పాడారు.

1963 మార్చిలో న్యూయార్క్‌లో శాక్సొఫోన్ వాద్యకారుడు స్టాన్ గెట్జ్‌తో జిల్బెర్తో రికార్డు చేసినప్పుడు పియానో జోబిందే. ఇంగ్లిష్ చరణాలు పాడింది జిల్బెర్తో భార్య ఆస్ట్రూద్. అప్పటికి ఆమె వృత్తిగాయని కాదు. తర్వాత సింగిల్‌గా విడుదల చేసినప్పుడు జిల్బెర్తో పాడిన పోర్చుగీసు భాగాన్నే కత్తిరించేశారు. 1965 గ్రామీల్లో ఆల్బంకూ, ఆ సింగిల్‌కూ పెద్ద బహుమతులు వచ్చాయి. ఇంగ్లిష్ మాటలు రాసిన నార్మన్ గింబెల్ అసలు ఇపనేమా పేరే తీసేద్దామన్నాడు, ఎవరికీ తెలియని ఊరని. జోబిం ఒప్పుకోలేదు. మంచిపని చేశాడు.

మూలంలో అమ్మాయి అందం కంటే చూసేవాడి ఒంటరితనం ఎక్కువ. బాణీ మధ్యభాగం వినండి: పాట ఉన్నట్టుండి అర్ధస్వరం పైకి జరిగి, ఒక శ్రుతి నుంచి ఇంకో శ్రుతికి నిలకడలేకుండా తిరుగుతుంది. నిట్టూర్పులన్నీ అక్కడే. మొదటి రెండు పంక్తులు కూనిరాగం తీసి ఆపేసేవాళ్లకు ఈ పాట సగమే తెలుసు.

గీత రచయితల విషయానికొస్తే, బ్రెజిల్‌లో పాటను ఇద్దరి పేర్లతో కలిపి చెప్పడం బాగానే ఉంది. అమెరికాకు వెళ్లాక పేర్లు రాలిపోయాయి. 'కొర్కోవాదో', 'సాంబా దో ఆవియావ్'లాంటి పాటలకు మాత్రం మాట, బాణీ రెండూ జోబింవే.

ప్రశ్న: పేద నల్లజాతి వాళ్ల సాంబాను సముద్రపు ఒడ్డు అపార్ట్‌మెంట్ల కుర్రాళ్లు తీసుకుని, దానికి అమెరికన్ జాజ్ పూత పూసి, తిరిగి అమెరికాకే అమ్ముకున్నారు. బోసా నోవా అంటే ఇంతే కదా! మీలాంటివాళ్లు దాన్ని ఎందుకు నెత్తిన పెట్టుకుంటారు?
— ఎం.ఏ. విద్యార్థి, గుంటూరు

సమాధానం: మీ మాటలో మొదటి సగంతో నాకు పేచీ లేదు. రెండో సగంతో ఉంది.

జొజె రామోస్ తిన్యొరావ్ అనే బ్రెజిల్ విమర్శకుడు 1960లలోనే ఇదే ఆరోపణ మీకంటే ఘాటుగా చేశాడు. వర్గం విషయంలో ఆయన చెప్పింది కాదనలేం. జోబిం 1927 జనవరి 25న రియోలోని తిజూకాలో పుట్టి, పసితనం నుంచే ఇపనేమాలో పెరిగిన మధ్యతరగతి మనిషి. తన ఎనిమిదో ఏట తండ్రి పోతే మారుతండ్రి పియానో నేర్పించాడు. సాంబా పుట్టిన కొండవాడల జీవితం ఆయనది కాదు. కొత్త తరహా కార్డ్‌లు వినడానికి ఆ కుర్రాళ్లంతా వెళ్లింది జానీ ఆల్ఫ్ అనే నల్లజాతి పియానిస్టు దగ్గరికి. కీర్తి పంపకంలో ఆల్ఫ్‌కు దక్కింది తక్కువ. ఇది నేరుగా చెప్పుకోవాల్సిన అన్యాయం.

జాజ్ పూత అన్నది మాత్రం జోబిం విషయంలో నిలవదు. ఆయన గురువుల్లో ఒకరు జర్మనీ నుంచి వచ్చి బ్రెజిల్‌లో ఆధునిక సంగీతం పాదుకొల్పిన కోల్‌రాయటర్. ఆరాధించింది తన దేశపు విల్లా-లోబోస్‌ను, ఫ్రాన్స్ దెబుస్సీని, రావెల్‌ను. స్వరలిపి రాని స్వరకర్తల పాటలను రికార్డు కంపెనీలో కూర్చుని కాగితం మీద పెట్టే ఉద్యోగం చేశాడు. బ్రెజిల్ స్వరకర్తలు పిషింగీన్యా, ఆరీ బరోజో, దొరివాల్ కైమ్మిల పాటలు ఆయన వేళ్లలో ఉన్నాయి. ఆయన 'ఇన్సెన్సతెస్' విని, వెంటనే షొపేన్ ఇ-మైనర్ ప్రిల్యూడ్ పెట్టి చూడండి. పైన దాదాపు నిలిచిపోయిన బాణీ, కింద మెట్లు దిగే కార్డ్‌లు. విజయనగరం అమ్మగారికి పైన చెప్పిన కిటుకు ఇదే. అప్పు తెచ్చుకున్నాడు, నిజమే. తెచ్చుకున్నది న్యూయార్క్ నుంచి కాదు. 1962లో గెట్జ్, గిటారిస్టు చార్లీ బర్డ్‌ల 'జాజ్ సాంబా' ఆల్బం హిట్ అయ్యాక నేర్చుకునే వంతు అమెరికన్లకు వచ్చింది. ఆ నవంబరు 21న న్యూయార్క్ కార్నెగీ హాల్‌లో బోసా నోవా కచేరీ జరిగింది. ఆ తర్వాత జాజ్ వాళ్ల నోటుపుస్తకాల్లో జోబిం పాటలు శాశ్వతంగా చేరిపోయాయి.

ఇంకొకటి. 1968లో, సైనిక పాలన ఉక్కుపాదం బిగుస్తున్న రోజుల్లో, రియో పాటల పోటీలో జోబిం, షికో బువార్కి రాసిన 'సాబియా'కు మొదటి బహుమతి వచ్చింది. హాలు హాలంతా ఈలలు, కేకలతో వెక్కిరించింది. జనం మనసు జెరాల్దో వాంద్రె ప్రతిఘటన పాట మీద ఉంది. చిత్రమేమంటే 'సాబియా' దేశం వదిలిన మనిషి తిరిగిరావడం గురించిన పాట. కొద్ది నెలల్లో నిజంగానే ఎందరో దేశం వదలాల్సొచ్చింది. వినీసియుస్‌ను విదేశాంగ శాఖ నుంచి తొలగించారు. గొంతు పెంచలేదు కాబట్టి రాజకీయం లేదని నేను అనలేను. ఆ రాత్రి అరిచినవాళ్లను తప్పుపట్టనూ లేను.

ప్రశ్న: ఇక్కడ లిఫ్టుల్లో, హోటల్ లాబీల్లో, ఫోన్‌లో హోల్డ్‌లో పెట్టినప్పుడు ఈ సంగీతమే. నిద్రొస్తుంది. మీరేమో మహానుభావుడంటున్నారు!
— సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డాలస్

సమాధానం: లిఫ్టులో త్యాగరాజును పెట్టినా నిద్రే వస్తుంది. బయటికి వచ్చి 1967లో ఫ్రాంక్ సినాట్రా జోబింతో చేసిన ఆల్బం వినండి. హాలు నిండేలా పాడటం అలవాటైన సినాట్రా అందులో గుసగుసకు దిగాడు. క్లౌస్ ఓగర్మన్ కూర్చిన వయొలిన్లు అవసరమైనచోట తప్ప నోరెత్తవు. ఆ ఏడాది ఆల్బం గ్రామీకి పోటీపడి బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్' చేతిలో ఓడింది. మీ హోటళ్లవాళ్లు వాడేది ఇందులోంచి మాటలు, మౌనాలు తీసేసిన నకలు.

ప్రశ్న: జోబిం 'మార్చి వానలు' అని పాట రాశారని విన్నాను. మాకు మార్చి అంటే ఎండలు ముదిరి, పరీక్షలు మొదలయ్యే నెల. అక్కడ వానలేమిటి?
— తెలుగు మాస్టారు, కడప

సమాధానం: భూమధ్యరేఖకు అవతల కాబట్టి మార్చికి వాళ్ల వేసవి ముగుస్తుంది మాస్టారూ. రియో చుట్టుపక్కల ఆ చివరి వానలు కొండచరియలు విరిగేంతగా కురుస్తాయి. 1972లో జోబిం నగరానికి దూరంగా కొండల్లోని తన పల్లె ఇంట్లో ఉండగా 'ఆగ్వస్ ది మార్సో' పుట్టింది.

నా లెక్కలో ఆయన శిఖరం ఇదే, ఇపనేమా కాదు. మీరు తెలుగు మాస్టారు కాబట్టి దీని నిర్మాణం నచ్చుతుంది. కథ లేదు, నాయిక లేదు, 'ఇది ఫలానా' అని చెప్పే క్రియ తప్ప మరో క్రియాపదం దాదాపు లేదు. వరద నీరు ఒకదాని వెనక ఒకటి కొట్టుకొచ్చినట్టు వస్తువుల పేర్లు వస్తుంటాయి. చెక్కముక్కకు, గాయానికి, చేపకు, చావుకు ఒకే గౌరవం. బాణీ రెండు మూడు స్వరాల చుట్టూనే తిరుగుతుంటే కింద బాస్ మెట్టు మెట్టుగా దిగి, మళ్లీ పైనుంచి మొదలవుతుంది. వాన పడుతున్నదీ అక్కడే.

ఇంగ్లిష్ పాఠం ఆయనే రాసుకున్నాడు. లాటిన్ మూలం నుంచి వచ్చిన మాటలను వీలైనంత తప్పించి, పొట్టి పొట్టి పాత ఇంగ్లిష్ మాటలు ఏరుకున్నాడు. ఉత్తరార్ధగోళంలో మార్చి అంటే చలి పోయి చిగురు వచ్చే కాలం. అందుకని పాట దిశే అటు తిప్పాడు. రెండు భాషల్లో రెండు ఋతువులన్నమాట. 1974లో లాస్ ఏంజెలిస్‌లో గాయని ఎలిస్ రెజీనాతో కలిసి ఆయన పాడిన రూపం అందరికంటే ముందు వినాలి. చివరికొచ్చేసరికి ఇద్దరూ మాటలను ముక్కలు చేసి పంచుకుంటారు, ఎలిస్ నవ్వు ఆపుకోలేకపోతుంది. 2001లో ఫోల్యా ది సావ్ పావ్లో పత్రిక సంగీతకారులను, విమర్శకులను అడిగినప్పుడు అత్యుత్తమ బ్రెజిల్ పాటగా దీన్నే ఎంచారు.

అప్పటి నుంచి ఆయన పాటల్లో సముద్రం తగ్గి అడవి పెరిగింది. ఆల్బంల పేర్లే పక్షులవి: 'మతీతా పెరే', 'ఉరుబు', 'పస్సరిం'. అట్లాంటిక్ తీరపు అడవులు నరికేయడం గురించి దొరికిన ప్రతిచోటా మాట్లాడాడు.

ప్రశ్న: జోబిం ఎప్పుడు పోయారు? ఆయన పేరిట ఏముంది?
— పాఠకురాలు, ఏలూరు

సమాధానం: 1994 డిసెంబరు 8న, న్యూయార్క్ ఆసుపత్రిలో, 67 ఏళ్ల వయసులో. రియో అంతర్జాతీయ విమానాశ్రయానికి ఆయన పేరుంది. విమానం అక్కడ దిగుతున్నప్పుడు కనిపించే ఊరి మీద 'సాంబా దో ఆవియావ్' రాసినవాడికి తగిన గౌరవమే. 2016 ఒలింపిక్స్ మస్కట్ పేరు వినీసియుస్, పారాలింపిక్స్ మస్కట్ పేరు టామ్. టామ్ అనేది జోబిం ముద్దుపేరు. ఆ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో ఇపనేమా పాటను పియానో మీద వాయించి పాడింది ఆయన మనవడు డానియెల్.

ప్రశ్న: ఆరు నెలలుగా గిటార్ నేర్చుకుంటున్నాను అన్నా. జోబిం పాటలు వాయించాలని ఉంది, కానీ కార్డ్‌ల పేర్లు చూస్తేనే భయమేస్తోంది. ఏ పాటతో మొదలుపెట్టాలి?
— డిగ్రీ విద్యార్థి, ఖమ్మం

సమాధానం: 'కొర్కోవాదో'తో, తమ్ముడూ. బాణీ పక్కపక్కనున్న రెండు స్వరాల మధ్య ఊగుతూ మొదలవుతుంది, గొంతుకు కష్టం లేదు. కార్డ్‌లు వరసగా ఎ-మైనర్ సిక్స్, జి-షార్ప్ డిమినిష్డ్, జి-మైనర్ సెవెన్, సి-నైన్, ఎఫ్-మేజర్ సెవెన్. పేర్లు పక్కనపెట్టి బాస్ తీగ మీద వేలు చూడు: మొదటి మూడింటికీ ఒక్కో మెట్టు వెనక్కి జరుగుతోంది, అంతే. ఆ వేలిని నమ్ముకో.

ప్లెక్ట్రమ్ పక్కన పడేయి. నైలాన్ తీగలైతే మేలు. రెండు లెక్కల తాళం వేసుకుని బొటనవేలిని ఒకటికీ రెండుకీ సమంగా పడనివ్వు. దాన్ని విరవకూడదు. అది నిద్రలోనూ తప్పకుండా నడిచాకే మిగతా మూడు వేళ్లూ మూడు తీగలను ఒకేసారి లాగడం మొదలుపెట్టు. విరుపులన్నీ వాటివే. చాలామంది వేళ్లతో మొదలుపెట్టి బొటనవేలిని తర్వాత కలపాలని చూస్తారు, అప్పుడు రెండూ పాడవుతాయి.

వినడానికి జిల్బెర్తో 1959 ఆల్బం పెట్టుకో. తర్వాత 1963లో జోబిం తన పాటలను తానే పియానో మీద వాయించిన మొదటి అమెరికన్ ఆల్బం. అందులో చాలాచోట్ల ఒంటివేలితో వాయించినట్టే ఉంటుంది. అన్ని కార్డ్‌లు తెలిసినవాడు ఎన్ని వదిలేశాడో లెక్కపెట్టు. 'ఒకే స్వరపు సాంబా' ఆ తర్వాత. ఇంకో శుభవార్త: ఆరు నెలల వాళ్లందరినీ ఏడిపించే ఎఫ్ బార్ కార్డ్ ఉంది చూశావూ, 'కొర్కోవాదో'కు దానితో పనిలేదు.